ఇరవై రెండు చుక్కలు

కెర్డ్లా నుంచి వెల్డా రాసిన ఉత్తరంలో
ఫిర్యాదు లేదు.
"మూత దించి ఎత్తిన ప్రతిసారీ
నా కిటికీలన్నీ కాస్త కిందికి జారతాయి.
పొద్దున్నే పైకి లాగి పెట్టుకుంటాను.
తొమ్మిదేళ్లుగా ఇంతే.
అందరికీ ఇంతేనా అని
ఊరికే అడుగుతున్నాను."

ఫెర్రీ రేవులో టికెట్లు చింపి రిటైరయిన మనిషి.
ఇప్పుడు సముద్రం మీది గాలి లెక్కలు రాసుకుంటుంది,
ఎవరూ అడగకపోయినా.
కాస్త అంటే ఎంతో కూడా కొలిచి పంపింది,
తెరకి స్కేలు ఆనించి:
ఆరు మిల్లీమీటర్లు, వెంట్రుకవాసి తక్కువ.

తార్తులో, నాలుగో అంతస్తులో,
ఏటి మీద మంచు పెళ్లలు విరిగే చప్పుడు వింటూ
ఆ ఆరింటినీ చుక్కల్లోకి మార్చాను.
ఇరవై రెండు.
కుర్చీలో నిటారుగా కూర్చున్నాను.
ఇరవై రెండు నాకు తెలిసిన అంకె.
ప్రతి కిటికీ నెత్తినా మేం పెట్టే పట్టీ ఎత్తు,
పేరూ, మూలన మూసే గుర్తూ ఉండే పట్టీ.

దొంగ ఇంట్లోనే ఉన్నాడు.

సంగతి ఇంతే.
నిద్రపోయే ముందు కిటికీ తన చోటు చెబుతుంది,
పట్టీ కింది నుంచి కొలిచి.
లేచాక మేం దాన్ని అక్కడే పెడతాం,
పట్టీ పైనుంచి కొలిచి.
ఇద్దరం నిజమే చెబుతాం.
మధ్యలో ఇరవై రెండు చుక్కల అబద్ధం
కెటిల్ అడుగున సున్నంలా
రోజుకో పొర పేరుకుంటుంది.

ఆ వరుస రాసిందెవరా అని పాత పొరలు తవ్వితే
హిల్లార్ తేలాడు.
ఇప్పుడు వోరు దగ్గర తేనెటీగలు పెంచుతున్నాడు.
ఫోన్ చేస్తే, వెనక ఏదో రంపం మోత,
"నేను రాసినప్పుడు అది తప్పు కాదే,
అప్పటికి పట్టీలు ఎక్కడివి?" అన్నాడు.
నిజమే. టోపీ తర్వాత వచ్చింది.
తల కొలత ఎవరూ మళ్లీ తీసుకోలేదు.

దిద్దుబాటు ఒక్క తీసివేత గుర్తు.
అది పెట్టడానికి మూడు రాత్రులు పట్టింది.
మొదటి రాత్రి, అసలు పట్టీయే లేని కిటికీ ఒకటి
లేచిన ప్రతిసారీ మెట్టు మెట్టుగా ఎక్కి
తెర పైఅంచు దాటిపోయింది,
పట్టుకు లాగడానికి జుట్టు కూడా లేకుండా.
రెండో రాత్రి సంగతి చెప్పను.
మూడో రాత్రి మూత దించాను, ఎత్తాను,
దించాను, ఎత్తాను, నలభై సార్లు.
పక్క గదిలోంచి మా ఆవిడ రీనా
"ఆ తలుపు ఏదో ఒకటి చెయ్యి" అంది నిద్దట్లో.
కిటికీ కదల్లేదు.

గురువారం లోకానికి వదిలాం.
శనివారం కొయింబ్రా నుంచి అన్సెల్మో నిప్పులు కక్కాడు.
"నా కిటికీలు ఆకాశానికి ఎగబాకుతున్నాయి.
ఏం చేశారు మీరు?"
అడగ్గా అడగ్గా తేలింది:
ఆరేళ్ల కిందటే అతనొక చిన్న ప్రోగ్రాం రాసుకున్నాడు,
యంత్రం మేలుకున్నప్పుడల్లా అన్నిటినీ
ఇరవై రెండు చుక్కలు పైకి ఎత్తేది.
వంకర గోడకి సరిపడా చెక్కిన బీరువా.
గోడ నిలబెట్టింది నేను.
ఆ ఒక్క వరుస తీసెయ్యమని రాశాను.
"తీసేశాను. ఇప్పుడు బాగుంది.
అది నేను రాసిన మొదటి ప్రోగ్రాం" అని
రెండు ముక్కల్లో జవాబు.
ఏమని బదులివ్వాలో తెలీక
చాలాసేపు కర్సర్ మిణుకుమిణుకుమనడం చూశాను.

ఏట్లో మంచంతా పోయాక వెల్డా ఉత్తరం వచ్చింది.
"జారడం మానేశాయి, సంతోషం.
చెయ్యే ఇంకా మానలేదు.
పొద్దున్నే అలవాటుగా పైకి లాగేస్తున్నాను,
మళ్లీ దించుకుంటున్నాను.
ఇప్పుడు తప్పు నాదే కాబట్టి
మిమ్మల్ని ఏమీ అనలేను.

ఇంకొకటి. తెర కుడి అంచున
పై నుంచి కింది దాకా ఒక సన్నటి నల్ల గీత.
అందరికీ ఉంటుందా?"

నా తెర అంచుకి ముఖం ఆనించి చూశాను.

ఉంది.